‘సోమ’ ఎవరికి కావాలి?

ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రకటించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవలను యంత్ర నాగరికతపై తిరుగుబాటుగా మెచ్చుకునేవారు చాలామంది. అది సగం నిజమే.

ఆ లోకంలో దేవుడు లేడు. ఆ పీఠం మీద మోటారుకార్ల యజమాని ఫోర్డు ఉన్నాడు. శిలువల తలలు నరికి, అతని కారు గుర్తుగా ‘టి’ అక్షరాలు చేశారు. దిగులు పుడితే ‘సోమ’ మాత్ర. ఋగ్వేద ఋషులు స్తుతించిన పేరే సర్కారు మత్తుమందుకు వచ్చింది.

ఆ మత్తును పంచే తీరు గమనించాలి. ఆస్పత్రిలో పని ముగిసిన డెల్టా తరగతి కార్మికులు మాత్రల కోసం బారులు తీరుతారు. జాన్ వాటిని కిటికీలోంచి పారబోస్తే అతని మీదే విరుచుకుపడతారు. పోలీసులు వచ్చి సోమ ఆవిరి చల్లి అలజడి అణుస్తారు. నవలకు ఈ ఘట్టమే ప్రాణం. ఇక్కడ మత్తు వ్యక్తి బలహీనత కాదు. కూలిలో భాగం, పాలనకు సాధనం. మతాన్ని ప్రజల నల్లమందుగా మార్క్స్ 1844లో వర్ణించాడు. మతం పోయినచోట నల్లమందే మతమవుతుందని హక్స్‌లీ చూపాడు.

కాని యంత్రం పదిమంది నియంతల చేతిలో ఉందని చెప్పిన రచయితే, దోషాన్ని యంత్రానికి అంటగట్టాడు. జాన్‌కు మిగిలినవి కొరడా దెబ్బలు, ఉరి. మూడో దారి చూపకపోవడం లోపమని 1946 నాటి ముందుమాటలో తానే ఒప్పుకున్నాడు. 1962లో ప్రకటించిన ‘ఐలండ్’లోనూ ‘మోక్ష’ అనే మందు ఉంది. అది నిద్రపుచ్చదు, మేల్కొల్పుతుందంటాడు. అయినా చమురుపై కన్నేసిన పొరుగు సైన్యం వచ్చినప్పుడు ఆ మేల్కొలుపు ద్వీపాన్ని కాపాడలేదు.

మత్తుకు లోనైన విద్యార్థికి నీతులు చెప్పడం సులువు. మాత్ర లాక్కోవడం జాన్ చేసిన పనే. దాన్ని అవసరం చేసిన బతుకును మార్చడం మన పని.