గోడెక్కిన ప్రియదర్శిని

'మాయాబజార్' చూడని తెలుగింటి ఆడవాళ్ళు ఉంటారంటే నేను నమ్మను. 1957లో వచ్చిన ఆ సినిమాలో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంది, జ్ఞాపకముందా? మూత తెరిచి చూసినవాళ్ళకి తమ మనసుకి ఏది ప్రియమో అదే అందులో కనబడుతుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు కనబడ్డాడు. మన దేశంలో మొదటి టెలివిజన్ ప్రసారం ఢిల్లీలో జరిగింది 1959లో. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం తెరిచింది 1977లో. అంటే మన ఇళ్ళలోకి టీవీ రావడానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందే మనవాళ్ళు దాన్ని ఊహించి, ముచ్చటైన పేరు కూడా పెట్టేశారన్న మాట!

తర్వాత నిజం ప్రియదర్శిని వచ్చింది. చెక్క పెట్టె, దానికి జరిపే తలుపులు, పైన క్రోషియా గుడ్డ, ఆ గుడ్డ మీద ఇత్తడి ఏనుగు. ఇప్పుడు ఆ పెట్టె కూడా పోయింది. టీవీ చిక్కి చిక్కి పలకైంది, పలకై గోడెక్కింది. ఏనుగుని ఎక్కడ పెట్టాలో తెలీక మనం అవస్థ పడుతున్నాం. అది సరే, ఏనుగుతో పాటు ఇంకోటి కూడా పోయిందని నా అనుమానం. ప్రియదర్శిని చూసేవాళ్ళ మనసు తెలుసుకునేది. ఇప్పటిది కొనేవాళ్ళ మనసు మాత్రమే తెలుసుకుంటుంది. కొనేవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరు. ఏది కొనమంటారని చూసేవాళ్ళని అడిగే ఆచారం మన ఇళ్ళలో ఇంకా మొదలు కాలేదు.

"కథల్నీ నవలల్నీ విమర్శించే ఈ పేజీలో టీవీల గొడవ ఏమిటమ్మా?" అంటారేమో. ఈ రోజుల్లో మధ్యతరగతి ఇళ్ళలో మగవాళ్ళు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా శ్రద్ధగా చదివే రచన ఏదైనా ఉంటే అది టీవీ బ్రోషరే! దాని ముందు ఏ నవలా ఆగదు. అంతటి జనాదరణ ఉన్న రచనని విమర్శకులు పట్టించుకోకపోవడం అన్యాయం కాదూ?

ఈ రచనలో ప్రధానమైన అలంకారం అతిశయోక్తి. "నూరు కోట్ల రంగులు" అంటారు. చీరల కొట్లో ముప్ఫై రంగులు పరిచేసరికే మనకి కళ్ళు తిరిగి, చివరికి మొదట చూసిన చీరే కట్టించుకుని వస్తాం. నూరు కోట్లు ఏ కళ్ళతో చూడటం? లెక్క అబద్ధం కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఈ మూడింటినీ ఒక్కోదాన్ని వెయ్యికి పైగా పాళ్ళుగా కలుపుకుంటూ పోతే అన్ని రంగులూ వస్తాయి. నిజమే చెప్పి మనల్ని మాయ చెయ్యడం గొప్ప కవులకి చేతనైన విద్యే.

ఇహ పాత్రల పేర్లు. ఎల్.సి.డి., ఎల్.ఇ.డి., క్యూ.ఎల్.ఇ.డి., ఓ.ఎల్.ఇ.డి. అని నలుగురు కనబడతారు. అక్కచెల్లెళ్ళేమో అనుకుంటాం. మొదటి ముగ్గురూ ఒక్క మనిషే! తెర అదే ఎల్.సి.డి. తెర. వెనకనున్న దీపాన్ని మారిస్తే ఎల్.ఇ.డి. అన్నారు. ఆ దీపానికి, తెరకి మధ్య రంగులు తేటపడేందుకు ఇంకో పొర వేస్తే క్యూ చేర్చారు. నాలుగో ఆవిడ ఒక్కతే వేరే ఇంటి పిల్ల. ఆవిడకి వెనక దీపం అక్కర్లేదు, ప్రతి చుక్కా తన దీపం తనే వెలిగించుకుంటుంది. నలుపు కావాలంటే ఆర్పేసుకుంటుంది. అందుకే ఆవిడ దగ్గర చీకటి నిజంగా చీకటే. కట్నం కూడా దానికి తగ్గట్టే ఉంటుందనుకోండి.

మూడోది సంఖ్యల వర్ణన. మామూలు ఫుల్ హెచ్.డి. తెరలో సుమారు 21 లక్షల చుక్కలుంటే, 4కె తెరలో సుమారు 83 లక్షలు. నాలుగింతలు! కానీ 43 అంగుళాల టీవీకి ఆరడుగుల దూరంలో కూర్చుంటే మామూలు కంటికి ఆ రెంటికీ తేడా తెలియడం కష్టం. పైగా చానెల్ వాళ్ళు పంపని చుక్కల్ని టీవీ తనే ఊహించి పూరించుకోవాలి. మనం పప్పులో నీళ్ళు పోసి పదిమందికి సర్దమూ, అలాగే.

అంగుళాల సంగతి కూడా అంతే. ఆ కొలత వెడల్పు కాదు, ఈ మూల నుంచి ఎదురు మూలకి. 43 అంగుళాల టీవీ వెడల్పు ముప్ఫై ఏడున్నర అంగుళాలే. 55 అంగుళాలదైతే దాదాపు 48. పన్నెండంగుళాలే పెరిగినట్టుంటుంది గానీ తెర వైశాల్యం ఒకటికి ఒకటిన్నర పైనే అవుతుంది. అందుకని నేను చెప్పే మొదటి సలహా: బ్రోషరు పక్కన పెట్టి, కుట్టుమిషను సొరుగులోంచి టేపు తియ్యండి. కూర్చునే చోటు నుంచి గోడ దాకా కొలవండి. ఆ దూరం తెర అంగుళాలకి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. 43కి అయిదున్నర అడుగులు, 55కి ఏడడుగులు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను తగ్గింది కదా అని గోడ పెరగదు.

అలంకారాలూ పాత్రలూ అయ్యాయి, ఇహ రంగస్థలానికొద్దాం. షోరూములో వరసగా ఇరవై టీవీలు వెలుగుతుంటాయి. అన్నిట్లోనూ రామచిలకలు, జలపాతాలు, కోసిన దానిమ్మ పళ్ళు. ఎప్పుడైనా గమనించారా, వాటిల్లో మనిషి మొహం కనబడటం అరుదు! చిలక అసలు ఎంత పచ్చగా ఉంటుందో మనకి ఖచ్చితంగా తెలీదు కనక ఎంత పచ్చగా చూపించినా ఒప్పేసుకుంటాం. మనిషి చర్మం అలా కాదు. కాస్త ఎరుపెక్కినా, కాస్త పసుపెక్కినా "ఈవిడకి జ్వరమా, కామెర్లా?" అని మన కంటికి వెంటనే పట్టిస్తుంది. షోరూము దీపాల కాంతికి తట్టుకోవాలని అక్కడ టీవీల వెలుగూ రంగూ తారస్థాయిలో పెడతారు. ఇంటికి తెచ్చి మొదటిసారి పెట్టగానే చాలా టీవీలు "ఇల్లా, దుకాణమా?" అని అడుగుతాయి. ఇల్లు అనే చెప్పండి. తెలీక రెండోది నొక్కితే రాత్రిళ్ళు హాల్లో సంతలో కూర్చున్నట్టుంటుంది.

ఇంత తెలిసిన దాన్ని, మా ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి మరి. అప్పటికి ఇవేవీ నాకు తెలీవు.

మావారూ, మా మరిదీ నాలుగు రోజులు బ్రోషర్లు పారాయణ చేసి 55 అంగుళాల టీవీ తెచ్చారు. నన్నడగలేదని నేను రెండు పూటలు ముభావంగా ఉన్నాను. మా అత్తగారు మాత్రం "బావుందిరా" అన్నారు. వారం తిరక్కుండానే ఆవిడ మధ్యాహ్నం సినిమాలు చూడటం మానేశారు. ఏళ్ళ తరబడి భోజనం కాగానే వక్కపలుకు నోట్లో వేసుకుని పాత సినిమా ముందు కూర్చునే మనిషి! అడిగితే "కళ్ళు ఆనడం లేదమ్మా" అంటారు. కళ్ళ డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాం. ఆయన చూసి, శుక్లాలు తీసిన కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు. మరి ఏమిటి?

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మళ్ళీ అడిగాను.

"కళ్ళకేం కాలేదే," అన్నారావిడ, గొంతు తగ్గించి. "ఆ పిల్ల మా సావిత్రిలా లేదు. మొహం సాగిపోయినట్టుంది. మాటలూ సరిగా వినబడటం లేదు. అంత డబ్బు పోసి కొన్నాడు, బాగాలేదంటే అబ్బాయి మనసు కష్టపెట్టుకుంటాడని ఊరుకున్నాను."

నేను టేపు తీసింది అప్పుడే. పాత సినిమాల బొమ్మ ఇంచుమించు చదరంగా ఉంటుంది: నాలుగు పాళ్ళు వెడల్పు, మూడు పాళ్ళు ఎత్తు. ఇప్పటి తెర పదహారు వెడల్పు, తొమ్మిది ఎత్తు. ఖాళీ ఎందుకులే అని బొమ్మని ఆ చివరి నుంచి ఈ చివరికి సాగదీసి నింపేలా పెట్టారు మావాళ్ళు. అలా సాగదీస్తే మూడంగుళాల మొహం నాలుగంగుళాలవుతుంది. సావిత్రి మొహం మారిపోయిందని ఆవిడన్నది అక్షరాలా నిజం! మేం తెరని శంకించకుండా పెద్దావిడ కళ్ళని శంకించాం.

రిమోటులో బొమ్మ కొలత మార్చే చోటు వెతికి 4:3 అని పెట్టాను. రెండు పక్కలా చెరో ఆరంగుళాలు నల్లగా మిగిలాయి. సాయంత్రం మావారు చూసి "ఇంత డబ్బు పెట్టి తెర ఖాళీగా వదిలెయ్యడమేమిటి?" అన్నారు. "పట్టెమంచం కొన్నామని మనిషిని సాగదీస్తామా?" అన్నాను. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

ఇంకో లోపం కూడా బయటపడింది. సినిమా సెకనుకి 24 బొమ్మలుగా తీస్తారు. ఈ టీవీలు తెలివి ఉపయోగించి, ఆ బొమ్మల మధ్య లేని బొమ్మల్ని సొంతంగా తయారు చేసి దూరుస్తాయి. క్రికెట్టు బంతి నున్నగా దొర్లడానికి అది పనికొస్తుందేమో గానీ, పాత సినిమా కాస్తా నిన్న స్టూడియోలో తీసిన డైలీ సీరియల్ లాగా తయారవుతుంది. సినిమా తీసేవాళ్ళే దీని మీద మొత్తుకోగా, 2019లో 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అని ఒక పద్ధతి వచ్చింది. అది ఉన్న టీవీలో దాన్ని పెట్టుకుంటే ఈ కల్పనలన్నీ ఆగిపోతాయి. లేని టీవీలో మోషన్ అని ఉన్న చోట వెతికి ఆపెయ్యాలి.

ఇహ మాటల సంగతి. టీవీ సన్నబడ్డప్పుడు గొంతు కూడా సన్నబడింది. స్పీకర్లకి చోటు లేక వాటిని అడుగునో వెనకనో అమర్చి, ధ్వనిని నేలకో గోడకో వినిపిస్తున్నారు. పెద్దవాళ్ళకి పాట వినబడుతుంది గానీ మాట విడివిడిగా అందదు. సౌండు పెంచితే మాటతో పాటు వెనక వాయిద్యాలూ పెరుగుతాయి. మాటని ముందుకి తెచ్చే అమరిక కొన్నిట్లో ఉంటుంది. అది చాలకపోతే కింద ఒక పొడుగాటి స్పీకరు పెట్టుకోవడమే దారి. పన్నెండంగుళాలు తగ్గించుకుని ఆ డబ్బుతో స్పీకరు కొని ఉంటే మా అత్తగారికి మొదటి రోజునుంచీ మాటలు వినబడేవి.

మరి ఏది కొనమంటావని అడిగితే, నేను కంపెనీ పేరు చెప్పను. పరీక్ష చెబుతాను. షోరూములో చిలకల్ని ఆపించి, 'మాయాబజార్'లో వెన్నెల్లో పడవ పాట పెట్టించండి. 2010లో వచ్చిన రంగుల ప్రతి వద్దు, తెలుపూ నలుపూదే కావాలనండి. దాన్ని పట్టిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. ఆ వెన్నెల తెల్లగానూ, చుట్టూ చీకటి చీకటిగానూ ఉండి, రెంటికీ మధ్యనున్న మెత్తని బూడిదరంగులన్నీ కనబడితే ఆ తెర మంచిది. చీకటి కాస్తా కడిగిన కుడితిలా కనబడితే ఎన్ని కోట్ల రంగులున్నా అనవసరం. తర్వాత మొహాలు చూడండి. తర్వాత కళ్ళు మూసుకుని మాటలు వినండి. చివరగా, కరెంటు ఎంత తాగుతుందో చెప్పే నక్షత్రాల చీటీలో ఏడాదికి ఎన్ని యూనిట్లో చదవండి. బ్రోషరంతటికీ అలంకారాలు లేని పేరా అదొక్కటే.

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పరీక్ష ఇంకొకటుంది. ఇంట్లో ఆ తెర ముందు అందరికన్నా ఎక్కువసేపు కూర్చునేది ఎవరు? వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళండి. నన్నడక్కుండా టీవీ తెచ్చారని రెండు పూటలు మూతి ముడుచుకున్న నేను, అత్తగారిని ఎవరైనా అడిగారా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బ్రోషరుని విమర్శించడం తేలికే. ఇది ఒప్పుకోవడమే కాస్త కష్టంగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చున్నారు. తెరకి అటో ఆరంగుళాలు ఇటో ఆరంగుళాలు నలుపు. మధ్యలో సావిత్రి. ఆవిడ కాసేపు చూసి, వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, "ఇదిగో, ఇప్పుడొచ్చింది మా పిల్ల" అన్నారు.

టేపు మళ్ళీ కుట్టుమిషను సొరుగులో పెట్టేశాను. ఇత్తడి ఏనుగుకి మాత్రం ఇంకా చోటు దొరకలేదు.