ముందు బండను చూడాలి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే ఎటు చూసినా అక్షరాలే. బ్యాంక్ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, స్పోకెన్ ఇంగ్లిష్, ఫొటోషాప్, యానిమేషన్, లేడీస్ హాస్టల్, టులెట్. నిన్నటి పోస్టర్ మీద ఇవాళ్టి పోస్టర్, దానికి అడ్డంగా ఫ్లెక్సీ. ఈ సందుల్లోనే ఒక మేడ మీద సాయంత్రాలు డిజైన్ పాఠాలు చెబుతుంటాను. నల్గొండ, సూర్యాపేట, దేవరకొండ వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలే ఎక్కువ. చేరిన రోజే అడుగుతారు, "ఏ సాఫ్ట్‌వేర్ నేర్పిస్తరు సార్?" అని. ఇంట్లోవాళ్లు అప్పుసప్పు చేసి పంపిన డబ్బు అది, తొందరగా ఉద్యోగం రావాలి. ఆ తొందర తప్పు కాదు. అయినా మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోనివ్వను. పాండవుల గుట్ట ఫొటోలు ముందు పెడతాను.

వరంగల్ దాటాక భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో ఉంటుంది ఆ గుట్ట. ఇసుకరాయి కొండ. దాని చరియల కింద ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయని 1990లో బయటి లోకానికి తెలిసింది. అడవిదున్న, జింక, పులి, చిరుత, ఆయుధాలు, వలయాలు, చతురస్రాలు. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు వాడారు. పిల్లలు సహజంగానే జింకను చూస్తారు, పులిని చూస్తారు. నేను బండను చూడమంటాను. పైరాయి ముందుకు పొడుచుకొచ్చి వాన జల్లు లోపలికి పడని చోటు ఎంచుకున్నారు. రంగు పట్టే గోడ చూసుకున్నారు. మనిషి నిలబడి చూడగలిగే స్థలం ఎదురుగా ఉందో లేదో చూసుకున్నారు. ఆ తర్వాతే రంగు నూరి ఉంటారు. ఏ తలం మీద గీస్తున్నాం, దాన్ని ఎవరు, ఎక్కడ నిలబడి చూస్తారు అన్న లెక్క తేలకుండా గీత గీయకూడదన్నది నేను గట్టిగా నమ్మే మాట. మా పిల్లలకు చెప్పే మొదటి పాఠం కూడా అదే.

స్పెయిన్‌లోని అల్తమీరా గుహలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి పైకప్పు రాయి ఉబ్బెత్తుగా ఉన్న చోట్లనే వెతికి పట్టుకుని అడవిదున్నల ఒళ్లు గీశారు. పొట్ట, భుజం రాయే ఇచ్చింది, చిత్రకారుడు దాని చుట్టూ గీత నడిపించాడు. 1879లో సౌతువోలా అనే ఆయన నేలమీద పాత వస్తువుల కోసం వెతుకుతుంటే, వెంట వచ్చిన చిన్న కూతురు తలెత్తి ఆ దున్నల్ని చూసింది. ఆదిమానవుడికి ఇంత చేతనవుతుందా అని పండితులు కొట్టిపారేశారు. వాళ్లలో పేరున్న కార్తాయాక్ తన పొరపాటు ఒప్పుకుంటూ రాసేసరికి 1902 వచ్చింది. సౌతువోలా అప్పటికే కన్నుమూశాడు. మన దేశంలో కార్లైల్ అనే అధికారి మీర్జాపూర్ కొండల్లో ఇలాంటి బొమ్మల్ని 1867-68లోనే చూశాడు, అల్తమీరా కంటే ముందే. వాటి గురించి పుస్తకం వేయలేదు. ఆయన రాసుకున్న కాగితాలు చాలా ఏళ్ల తర్వాత, 1906లో, మరొకరి చేతుల మీదుగా అచ్చయ్యాయి. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక గీత. ఎద్దు బొమ్మ వేయండి, ఆ తర్వాత ఒక్కో గీత చెరుపుతూ పోండి, ఎద్దు ఎద్దుగా మిగిలినంతవరకూ చెరపండి అని చెబుతాను. ఒక అమ్మాయి, వాళ్లింట్లో కాడెద్దులున్న పిల్ల, మొదట కన్ను తీసేసింది. తర్వాత గిట్టలు, తర్వాత తోక. మూపురం దగ్గర చేయి ఆగింది. "ఇది తీస్తే గాడిదయితది సార్" అంది. కొమ్ముల జోలికి అసలు పోలేదు. ఒళ్లు పక్క నుంచి గీసి కొమ్ములు మాత్రం ఎదుటి నుంచి చూసినట్టు రెండూ విడివిడిగా పెట్టింది. అలా ఎందుకు పెట్టావని అడిగితే, రెండూ కనపడాలి కదా అంది.

బళ్లారి పక్కన కుప్‌గల్ కొండ మీద కొత్త రాతియుగం పశుల కాపరులు చేసిన ఎద్దులు కూడా మూపురంతో, పొడుగాటి కొమ్ములతోనే గుర్తుపట్టేలా ఉంటాయి. తెలుగూ కన్నడమూ కలగలిసి వినిపించే చోటు అది. అక్కడ రంగు లేదు. నల్లటి బండను మరో రాయితో కొట్టి, రుద్ది పైపొర లేపేస్తే లోపలి లేత రంగు బయటపడింది, అదే బొమ్మ. పక్క నుంచి ఒళ్లు, ఎదుటి నుంచి కొమ్ములు అనే పద్ధతి ఫ్రాన్స్‌లో లాస్కో గుహ ఎద్దుల్లోనూ ఉంది. దీన్ని చేతగానితనం అనుకునేవాళ్లను చూశాను. ఏ భాగం ఏ వైపు నుంచి చూస్తే ఇట్టే పోల్చుకోగలమో ఆ వైపు నుంచే చూపించడం అది. ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డెక్కితే, పశువులు అడ్డొస్తాయి జాగ్రత్త అని చెప్పే ముక్కోణపు బోర్డులోనూ ఆవు పక్కకు తిరిగే ఉంటుంది. వేగంగా పోయే డ్రైవర్‌కు అరక్షణంలో అందాలంటే అంతకు మించి దారి లేదు.

గీత తర్వాత ఎడం. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో దొరికిన రాతి పెచ్చు పొడవు నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. దాని వయసు 73,000 ఏళ్లు. ఎర్రమట్టి బలపంతో ఆరు గీతలు ఒక వైపుగా, వాటిని కోస్తూ మూడు గీతలు. గీతలు పెచ్చు అంచు దగ్గర ఠక్కున తెగిపోతాయి, అంటే అసలు బొమ్మ అంతకంటే పెద్దదే. జంతువు లేదు, మనిషి లేదు. గీతకు గీతకు మధ్య ఎడం మాత్రం ఉంది. లయ అన్నది పుస్తకంలో చదివితే ఎక్కదు గానీ, ఆ తొమ్మిది గీతల్ని కాపీ చేయమంటే ఎక్కుతుంది. గీతలు అందరికీ వస్తాయి, ఎడం కుదరదు. అక్కడే చెమటలు పడతాయి.

రంగు విషయంలో మా వీధి నాకు రోజూ పాఠం చెబుతుంది. ఎండాకాలం మొత్తం ఎండిన ఫ్లెక్సీని చూడండి. ఎరుపు, పసుపు ముందు పోతాయి, నీలం మిగులుతుంది. కట్టినప్పుడు నవ్వుతూ ఉన్న ముఖాలు వేసవి పోయేసరికి నీలిరంగు తిరుగుతాయి. బండల మీద వేల ఏళ్లుగా నిలిచిందేమో ఎరుపు. మన ఊళ్లలో పండగకు ముందు గడపలకు, అరుగులకు పూసే జాజు అదే జాతి మట్టి. అందులోని ఇనుము గాలితో కలిసి మారాల్సినంతా ఎప్పుడో మారిపోయింది. ఎండ దాన్ని ఇక కొత్తగా మార్చేదేమీ లేదు. పిల్లలకు జాజు ముద్ద చేతికిచ్చి కలపమంటాను. పలచన చేస్తే కారుతుంది, చిక్కన చేస్తే పెళుసై రాలుతుంది. స్క్రీన్ మీద రంగు ఎంచుకోవడంలో ఆ తెలివి రాదు.

మా క్లాసుకు దగ్గర్లో, చైతన్యపురిలో, మూసీ పక్కన కొసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. అక్కడి బండ మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండిన గోవిందవర్మ కాలం నాటిది, సుమారు 5వ శతాబ్దం. గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం ప్రస్తావన అందులో ఉంది. ఇది చరిత్ర కాలానిది, బొమ్మ కూడా కాదు. అయినా నది పక్కన ఇన్ని గుండ్లు ఉండగా ఆ గుండునే ఎందుకు ఎంచుకున్నారు అన్న ప్రశ్న పాండవుల గుట్ట దగ్గర వేసుకున్నదే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కూడా ఈ శాసనం చూడనివాళ్లే ఎక్కువ. బండలంటే పేల్చి ప్లాట్లు చేసుకునేవి అన్న లెక్కకు మనం అలవాటు పడిపోయాం. పాత బొమ్మలున్న చోట పేర్లు, గుండె గుర్తులు ఆయిల్ పెయింట్‌తో రాసి వెళ్లేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది. ఒకసారి చెడిన రాతి గోడను ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ఈ ఆదివారం కొత్త బ్యాచ్‌ను ఆ గుండు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ముట్టుకోవడం లేదు, సున్నం రాయడం లేదు. అక్షరాలు ఎంత దూరం నుంచి కనిపిస్తాయో, పొద్దున ఏ వేళ వెలుగు పక్క నుంచి పడితే గాట్లు తేటపడతాయో చూసి రాసుకోవాలి. తిరిగొచ్చాక మెయిన్ రోడ్డు మీద ఒక్కొక్కరు ఒక్కో బోర్డు ఎంచుకుని ఇదే లెక్క మళ్లీ తీయాలి: బస్సులో వెళ్లేవాడికి ఎంత అందుతుంది, నడిచేవాడికి ఎంత, మెట్రో ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డవాడికి ఎంత.