ఆట డిస్కులకు 'తాత్కాలిక' రక్షణ

విశాఖపట్నము వంటి సముద్రతీర నగరములో ఏ వస్తువునైనను చెడకుండ నిలువ చేయుట కష్టము. ఉప్పుగాలి ఇనుమును తినివేయును. వానకాలపు చెమ్మకు పుస్తకముల అట్టలు బూజుపట్టును. కంప్యూటరు ఆటలు డిస్కులపై అమ్ముడుపోయిన రోజులలో, అనగా రమారమి 1995 మొదలు 2010 వరకు, డబ్బు పెట్టి కొన్న డిస్కులు నేడు ఎన్నో ఇండ్లలో బీరువా అడుగున పడియున్నవి. కొత్తగా వచ్చుచున్న కంప్యూటర్లలో పెక్కింటికి డిస్కును చదువు సాధనమే లేదు. కావున ఆ ఆటను డిస్కు నుండి తీసి మరొకచోట దాచుకొనవచ్చునా యని విద్యార్థులు అడుగుచుందురు.

దీనికి సాధారణముగా వినవచ్చు సమాధానములు రెండు. ఫైళ్ళన్నిటిని లాగి హార్డు డిస్కులో పడవేసిన చాలునని కొందరు చెప్పుదురు. అట్లు చేయుట దొంగతనమేయని మరికొందరు చెప్పుదురు. మొదటి మాట శాస్త్రము ప్రకారము తప్పు, రెండవది చట్టము ప్రకారము తప్పు. అయితే ఆ చట్టమును శ్రద్ధగా చదివినచో అందులోను ఒక పెద్ద కొరత కనబడును. దానిని చూచుటకు ముందు డిస్కు సంగతి కొంత తెలియవలెను.

సి.డి. యనునది 12 సెంటిమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము గల పాలికార్బొనేటు బిళ్ళ. దానిపై అతి పలుచని అల్యూమినియపు పూత, పూతపై లక్కవంటి ఒక రక్షణ పొర, ఆ పొరపై పేరు, బొమ్మ ఉండును. సమాచారమంతయు లోపలి నుండి వెలుపలికి చుట్టలు చుట్టుకొనుచు పోవు ఒకే గీతపై సూక్ష్మమైన గుంటలుగా అచ్చువేయబడియుండును. ఒక చుట్టకును మరొక చుట్టకును నడుమ దూరము 1.6 మైక్రాన్లు మాత్రమే. ఆ గీతను విప్పి సాగదీయగలిగినచో 5 కిలోమీటర్లకు పైగా వచ్చును. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల లేజరు కిరణము క్రింది వైపు నుండి బిళ్ళలో ప్రవేశించి, పూతపై పరావర్తనము చెంది, తిరిగివచ్చి గుంటల ఉనికిని తెలుపును.

పెక్కుమంది మెరయు వైపును కంటికి రెప్పవలె కాపాడి, పేరు వ్రాసిన వైపును బల్లకు ఆనించి పెట్టుదురు. ఇది తలక్రిందుల జాగ్రత్త. గుంటలున్నది మెరయు వైపున కాదు, పేరున్న వైపున, ఆ పలుచని లక్కపొరకు అడుగుననే. క్రింది వైపు గీత పడినను నడుమ ఒక మిల్లీమీటరుకు పైగా ప్లాస్టికు అడ్డమున్నది. మెరుగుపెట్టి దానిని బాగుచేయ వీలున్నది. పై పొర లేచిపోయినచో అల్యూమినియము గాలికిని చెమ్మకును ఆక్సీకరణము చెందును. అద్దము పోయిన తరువాత లేజరుకు తిరిగివచ్చు దారియే లేదు. (డి.వి.డి.లో పూత రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల నడుమ ఉండును. కనుక ఈ విషయములో అది కొంత నయము.) ఇంటిలో వ్రాసుకొను డిస్కుల సంగతి వేరు. వాటిలో గుంటలకు బదులు ఒక రంగు పదార్థము ఉండును. అది ఎండకు చెడును. కావున ఒక డిస్కును మరొక డిస్కుపైకి ఎక్కించి నిశ్చింతగా ఉండుట మంచిది కాదు.

ఇంత సున్నితమైన వస్తువు ఇన్నాళ్ళు పనిచేయుటకు కారణము గణితము. 1960లో రీడ్, సాలమన్ అను ఇద్దరు గణితవేత్తలు తప్పులను తానే దిద్దుకొను ఒక సంకేత పద్ధతిని ప్రకటించిరి. సి.డి. దానిపైననే ఆధారపడినది. కంప్యూటరు సమాచారము గల డిస్కులో ఒక్కొక్క సెక్టారుకు 2352 బైట్లు. అందులో అసలు సరకు 2048 బైట్లే. తక్కిన వానిలో 12 సెక్టారు ఆరంభమును తెలుపు గుర్తు, 4 చిరునామా, 4 తప్పును కనిపెట్టుటకు, 276 తప్పును దిద్దుటకు, 8 ఖాళీ. సెకనుకు 75 సెక్టారుల చొప్పున 74 నిమిషముల డిస్కులో 3,33,000 సెక్టారులు పట్టును. అనగా అసలు సరకు 68,19,84,000 బైట్లు. ఈ గుణకారమును తరగతిలో విద్యార్థులచేతనే చేయించవచ్చును. సెక్టారులోని ఈ కాపలాకు తోడు, సమాచారమును ముక్కలుగా చేసి దూర దూరముగా చల్లి వ్రాయు మరొక ఏర్పాటు కలదు. దానివలన సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొడవున గుంటలు చదువరాక పోయినను పాఠము సరిగానే వచ్చును.

ఈ దిద్దుబాటులోనే ఒక మోసమున్నది. డిస్కు చెడిపోవుచున్నను ఆట చక్కగా ఆడుచునే యుండును; గణితము లోపమును కప్పిపుచ్చుచుండును. తప్పులు ఒక హద్దు దాటిన నాడు మాత్రము డిస్కు ఉన్నట్లుండి మొరాయించును. అందువలన నకలు తీయవలసినది డిస్కు బాగుగా ఉన్నప్పుడే. చెడినదని తెలిసిన తరువాత నకలు తీయ పూనుకొనుట ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుటయే.

ఇక నకలు మాట. ఫైళ్ళను లాగి దాచుకొన్నచో డిస్కు రాదు, డిస్కులోని కొంత భాగము మాత్రమే వచ్చును. డిస్కు ఇమేజి యనగా ఫైళ్ళ కట్ట కాదు. మొదటి సెక్టారు నుండి కడపటి సెక్టారు వరకు ఉన్నది ఉన్నట్లు వరుసగా దించిన ప్రతి. అందులోను తరతమములు కలవు. ఐ.ఎస్.ఓ. అను ప్రసిద్ధమైన రూపములో సెక్టారుకు 2048 బైట్లు మాత్రమే నిలుచును. చాల ఆటలకు అది చాలును. అయితే 1996లో వచ్చిన 'క్వేక్' వంటి ఆటల డిస్కులో మొదటి భాగము కంప్యూటరు సమాచారము, తక్కినది మామూలు పాటల సి.డి. వలె సంగీతము. దానిని ఐ.ఎస్.ఓ.గా దించినచో ఆట నడచును, సంగీతము వినబడదు. 2352 బైట్లను పూర్తిగా దించి, ఏ భాగము ఎచట మొదలగునో తెలుపు చిన్న పట్టికను ప్రక్కన పెట్టు 'బిన్-క్యూ' అను రూపమే అట్టి వానికి తగినది. 'ఐ.ఎస్.ఓ. తీసితిని, పని ముగిసినది' అనుకొను వారు ఈ భేదమును ఎరుగరు.

తీసిన నకలు సరియైనదేయని తెలియుట ఎట్లు? తాళపత్రముల కాలములోను ఇదే చిక్కు. లేఖకుడు ఒక పంక్తి వదలివేసినను చదువరికి తెలియదు. వేమన పద్యములను 1829లో అచ్చువేసిన సి. పి. బ్రౌను పెక్కు ప్రతులను సేకరించి, పండితులచేత ఒకదానితో ఒకటి సరిచూపించెను. డిస్కు విషయములో ఆ పనిని ఒక సంఖ్య చేయును. ఇమేజిలోని బైట్లన్నిటిని ఒక నిర్ణీత గణనకు గురిచేసి 32 లేక 40 అంకెలు, అక్షరములు గల ముద్రను రాబట్టుదురు. కోట్లాది బైట్లలో ఒక్క బిట్టు మారినను ఆ ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోవును. ఒకే ఆటకు చెందిన రెండు డిస్కులను రెండు వేరు వేరు యంత్రములపై దించి, రెండు ముద్రలును ఒకటే అయినచో ఆ నకలును నమ్మవచ్చును. ముద్ర చూడని నకలు నకలని చెప్పుకొనుటకే పనికివచ్చును.

ఇంత జాగ్రత్తగా దించిన నకలు కూడ కొన్ని ఆటల విషయములో పనిచేయదు. దీనికి డిస్కు గాని దించినవాడు గాని కారణము కాదు, తయారుచేసినవాడే కారణము. 'సేఫ్‌డిస్క్' అను తాళము సంగతి చూడుడు. డిస్కులో కొన్ని సెక్టారులను కావలెననియే చదువుటకు వీలులేనట్లు చేసిరి. ఆట మొదలగుటకు ముందు ఆ లోపములు ఉన్నవా లేవా యని పరీక్షించును. నకలు తీయు యంత్రము వాటివద్ద ఆగిపోవును, లేదా వాటిని దిద్ది వ్రాయును. దిద్దిన ప్రతియే దొంగ ప్రతిగా పట్టుబడును! ఇతరుల సొమ్ము అపహరించువారిని ఆపుటకు ఉత్పత్తిదారు తాళము వేసికొనుటలో తప్పులేదు. ఆ కాలమున దొంగ డిస్కుల వ్యాపారము నిజముగనే పెరిగియుండెను. తప్పు మరొకచోట ఉన్నది. ఆ తాళము విండోసులోని ఒక సహాయ ప్రోగ్రాముపై ఆధారపడినది. అది భద్రతకు ముప్పుగా పరిణమించుటచే 2015లో వచ్చిన విండోస్ 10లో మైక్రోసాఫ్టు దానిని చేర్చలేదు. అదే సంవత్సరము సెప్టెంబరులో పాత విండోసులలో కూడ దానిని నిలిపివేసినది. ఆ భద్రతా నిర్ణయము సరియైనదే. కాని దాని ఫలితముగా, న్యాయముగా కొన్న అసలు డిస్కు, ఒక్క గీతయైన లేని డిస్కు, కొత్త యంత్రములో అసలు వానికే పనికిరాకుండ పోయినది. తాళము వేసినవారు తాళపుచెవి ఎంతకాలము దొరకునని ఆలోచింపలేదు. ఈ వ్యాసమున విమర్శింపదగిన పనులన్నిటిలో ఇది ముందు నిలుచును.

చట్టమేమి చెప్పుచున్నది? భారతీయ కాపీరైటు చట్టము 1957 నాటిది. కంప్యూటరు ప్రోగ్రామును న్యాయముగా కలిగియున్నవాడు, అది పోవుట, నశించుట, చెడుటల నుండి కేవలము తాత్కాలిక రక్షణగా, అది ఏ పనికై ఇవ్వబడెనో ఆ పనికి మాత్రమే వాడుకొనుటకై, తన ప్రతి నుండి నకలు తీసికొనవచ్చునని 52(1)(ఎఎ) చెప్పుచున్నది. 1994 సవరణతో వచ్చిన మాట ఇది. కనుక కొన్న ఆటకు ఇమేజి తీసి దాచుకొనుట దొంగతనము కాదు. దానిని పదిమంది మిత్రులకు పంచుట రక్షణ కాదు, పంపిణీ అగును. దొంగ ప్రతియని తెలిసియు వాడుకొన్నవానికి 63బి ప్రకారము ఏడు దినములకు తక్కువ కాని, మూడు సంవత్సరముల వరకు పోగల శిక్ష కలదు. తాళము తీయుట మాట 2012లో చేర్చిన 65ఎలో ఉన్నది. హక్కును భంగపరచు ఉద్దేశముతో తీసినవాడే దోషియని అక్షరములను బట్టి తెలియుచున్నది. ఈ ఉద్దేశమన్న మాటను ఉంచుట శాసనకర్తల వివేకమే.

అయితే 'తాత్కాలిక' అన్న పదము మాత్రము మింగుడుపడదు. డిస్కు నాశనమైన తరువాత దాని నకలు తాత్కాలికమెట్లగును? మూలము లేని నాడు నకలే మూలము. తాళపత్రముల లేఖకులు తాత్కాలిక రక్షణకై మాత్రమే వ్రాసియున్నచో తెలుగువారికి ఈనాడు పూర్వ వాఙ్మయము చాల భాగము మిగిలియుండెడిది కాదు. నకలుకు నకలు, దానికి మరల నకలు, ఇట్లే ఆ గ్రంథములు చెమ్మను, చెదపురుగులను తప్పించుకొని వచ్చినవి.

వ్యక్తికి ఈ పాటి అనుమతియైన ఉన్నది. గ్రంథాలయమునకు ఏమున్నది? 2012లోనే చేర్చిన 52(1)(ఎన్) ప్రకారము లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయము ఒక కృతిని భద్రపరచుటకై ఎలక్ట్రానిక్ రూపమున నిలువ చేయవచ్చును. కాని ఆ కృతి యొక్క డిజిటల్ కాని ప్రతి ఆ గ్రంథాలయమునందు ముందుగనే ఉండవలెను. కాగితపు పుస్తకమునకు ఈ నియమము చక్కగా సరిపోవును. ఆట డిస్కు పుట్టుకతోనే డిజిటల్. దానికి డిజిటల్ కాని ప్రతి ఎన్నడును లేదు, ఉండబోదు. తొందరగా చెడు వస్తువును రక్షణ నుండి తప్పించి, శతాబ్దము నిలువగల కాగితమునకు రక్షణ కల్పించినట్లున్నది. ప్రచురణకర్తలు కలకత్తాలోని జాతీయ గ్రంథాలయము మొదలగు వానికి ప్రతులు పంపవలెనని విధించిన 1954 చట్టము కూడ పుస్తకములను, పత్రికలను గురించినదే. ఆటల ఊసు అందులో లేదు.

ఇది పరదేశపు ఆటల సమస్యయే కదా యని ఉపేక్షింప వీలులేదు. 2008లో 'గజిని' హిందీ చిత్రముతో పాటు అదే పేరు గల కంప్యూటరు ఆట డిస్కుగా విడుదలైనది. దానిని రూపొందించినది హైదరాబాదులోని ఎఫ్ఎక్స్ ల్యాబ్స్; నిర్మాణములో గీతా ఆర్ట్స్ వారి పాత్ర కలదు. దేశములో తొలి త్రిపరిమాణ కంప్యూటరు ఆటయని దానికి ప్రచారము జరిగినది. ఆట ఉత్తమమైనదా కాదా యన్నది వేరు చర్చ. తెలుగుదేశమున ఈ విద్య ఆరంభదశలో ఎట్లుండెనో తెలిసికొనగోరు విద్యార్థి దానిని ఎక్కడికి పోయి చూడవలెను? తీసిన చిత్రములను భద్రపరచుటకు పూనాలో 1964లో జాతీయ సంస్థ ఏర్పడినది. ఆటకు అట్టి నెలవు లేదు. ఎవరి బీరువాలోనో మిగిలిన డిస్కులే దిక్కు. ఆటలను విరివిగా ఉత్పత్తి చేసిన అమెరికాలో కూడ పరిస్థితి గొప్పగా లేదు. 2010కి పూర్వము అచట విడుదలైన ఆటలలో 87 శాతము నేడు అంగడిలో కొనుటకు దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించినది.

ఇమేజి ఉన్నంత మాత్రమున ఆట బ్రతికినట్లు కాదన్నది కూడ నిజమే. విశాఖ సముద్రతీరమున కురుసుర జలాంతర్గామి ఉన్నది. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాలగా మారినది. లోపలికి పోయి గొట్టములను, పడకలను, టార్పెడోల గదిని చూడవచ్చును. అది నీట మునుగుట మాత్రము చూడలేము. ఆట విషయములో అదృష్టవశమున మునుగుట కూడ చూడవచ్చును. పాత యంత్రము ప్రవర్తనను కొత్త యంత్రములో అనుకరించు ఎమ్యులేటరు ప్రోగ్రాములు అందుకే పుట్టినవి. వాటికి కావలసినది ఒక్కటే: సరిచూచిన ఇమేజి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరము దాటినది. పైకప్పులు ఎగిరినవి, గదులలోనికి వాన నీరు వచ్చినది, దినముల తరబడి విద్యుత్తు లేదు. అట్టి నాడు డిస్కును, దాని నకలును ఒకే బీరువాలో పెట్టినవానికి రెండును పోవును. నకలు మరొక ఇంట, వీలైనచో మరొక ఊర ఉండవలెను. గృహస్థు ఈ పని నేడే చేయవచ్చును, చట్టము అడ్డురాదు. విశాఖలోని గ్రంథాలయము గాని కళాశాల గాని అదే పనికి పూనుకొన్నచో, 52(1)(ఎన్)లోని 'డిజిటల్ కాని' అను విశేషణము తలుపు వద్ద నిలిచియుండును. సవరణకు పార్లమెంటు ముందు పెట్టవలసినది ఆ ఒక్క విశేషణమే.