వినోదమునకుఁ జదివిన రెండు నవలలు

ఈ వేసవి సెలవులలోఁ దగరపువలసయందు, మా యింటి యరుగుపైఁ గూర్చుండి, కేవల వినోదార్థము రెండు నవలలఁ జదివితిమి. మొదటిది 1878లో వివేకవర్ధనిలో వెలువడనారంభించిన వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రము. ఉపన్యాసములు కొంత దీర్ఘములే. బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి రాజశేఖరుఁడు మోసపోవుట చదివి నవ్వితిమి. మాకట్టి భ్రాంతి లేదుకదా యని గర్వించితిమి గూడ.

రెండవది విశాఖపట్టణమున న్యాయవాదిగా నుండిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి అల్పజీవి. ఇందు బోధ యేమియు లేదు. అడుగడుగునను జంకెడు సుబ్బయ్య యను గుమాస్తా కలఁడు. సంస్కృతమునకు మరగిన మా చెవికి అందలి మాటలతీరు తొలుత రుచింపలేదు. అయినను మమ్ముఁ దాఁకినది యిదియే. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చిన దినమున మా మోకాళ్లు వణఁకుటయు, మధ్యాహ్నము ఆ యుక్రోషమును బాలురపైఁ దీర్చుకొనుటయు జ్ఞప్తికి వచ్చి, కొంతసేపు పుస్తకము మూసితిమి. నవలలు చదువుట కాలహరణమని యా బాలురనే యిరువదియేండ్లుగా మందలించుచున్నవారము మేము. బడి గ్రంథాలయమునకు అల్పజీవి ప్రతులు రెండు కొనవలయునని నిన్ననే వ్రాసి పంపితిమి.