గొట్టం తగ్గితే అడుగు పెరగాలి

మొన్న యాసంగిలో భూపాలపల్లి వైపు ఒక మక్క చేనులో, అడవి పందుల కోసం మంచె మీద రాత్రంతా కూర్చున్నాను. పక్కన అటవీ శాఖ అనుమతి ఉన్న షూటర్, ఆయన ఒళ్లో పొడుగాటి .315 రైఫిల్. మంచె కిందున్న రైతు కొడుకు ఊరుకోలేక అడిగాడు: "గింత పొడుగుది ఎందుకన్నా? సినిమాల్ల పొట్టి తుపాకులే దూరం కొడ్తయి గదా."

ఆయన నెమ్మదిగా చెప్పాడు: "పొట్టిది గూడ తగుల్తది తమ్మీ. తగిలినంక పాణం పోతదా లేదా, అదీ లెక్క."

అసలు విషయం అదే. పొట్టి గొట్టం గురి తప్పుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది బిర్రుగా ఉంటుంది, గురి బాగానే నిలుస్తుంది. పోయేది వేగం. గుండు గొట్టంలో ఉన్నంతసేపే మందు ఆవిరి దాన్ని వెనక నుంచి నెడుతుంది. గొట్టం ముందే అయిపోతే, ఆ నెట్టుడు అక్కడితో ఆగిపోయి మిగిలిన బలమంతా బయట మంటగా, చెవులు పగిలే మోతగా పోతుంది. .308 రైఫిల్‌నే తీసుకోండి. 24 అంగుళాల గొట్టం నుంచి సెకనుకు సుమారు 2,800 అడుగుల వేగంతో వెళ్లే గుండుకు, గొట్టాన్ని 16 అంగుళాలకు కుదిస్తే ఆ వేగం ఓ 200 అడుగులు తగ్గుతుంది. దెబ్బ బలం ఏడో వంతు పోయినట్టే. యాభై గజాల్లో ఆ తేడా తెలియదు. మూడు వందల గజాల్లో గుండు ఇంకా కిందికి జారుతుంది, లోపల విచ్చుకోవాల్సింది సరిగా విచ్చుకోకుండా సూదిలా దూరిపోవచ్చు. అప్పుడు పంది వెంటనే చావదు. పొదల్లో పడి, తెల్లారి మోటార్ వేయడానికి వచ్చిన మనిషి మీదికి లేస్తుంది.

మానుకోట దగ్గరి నెక్కొండలో 1902లో అప్పటి వైస్రాయ్ లార్డ్ కర్జన్ చచ్చిన పులి పక్కన దిగిన ఫోటో చాలామంది చూసే ఉంటారు. ఆ వేట నాకు నచ్చదు. కానీ ఆ రోజుల్లో మేలైన పొడుగు రైఫిళ్లు ఉన్నా, దూరాన్ని నమ్ముకోలేదు. డప్పులు కొట్టి జంతువును మంచె దగ్గరికే తోలించుకునేవారు. మంచెకు ఇంకో గుణం ఉంది: పైనుంచి కొడితే తప్పిన గుండు నేలలో దిగుతుంది, పక్క ఊరికి పోదు.

దాచుకోవడానికి వీలని నాటు తుపాకుల గొట్టాలు కోసే వాళ్లున్నారు. లైసెన్సు లేకుండా గొట్టం కుదించడం 1959 ఆయుధాల చట్టం ఆరో సెక్షన్ కింద నేరం. 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో సవరణ వచ్చాక సరదా వేట అన్నదే లేదు. అనుమతితో కాల్చేవాడైనా ఒక్క దెబ్బతో, బాధ లేకుండా ముగించాలి. అది చేతకాని దూరం నుంచి తుపాకీ ఎత్తడం నా లెక్కలో తప్పే.

ఆ రాత్రి మంద అవతలి గట్టు దాకా వచ్చింది. మంచి వెన్నెల. ఆయన వేలు ట్రిగ్గర్ మీదికి పోలేదు. "దగ్గరికి రానీ" అన్నాడు. రాలేదు. తూటాలు డబ్బాలోనే ఇంటికి పోయాయి.

జనగామలో అయినా, భూపాలపల్లిలో అయినా మక్క వేసిన రైతులకు ఒక్క మాట. కంకి పాలు పోసుకోకముందే పంచాయతీకి, అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి. కాల్చడానికి వచ్చినవాణ్ని ఎంత దగ్గర నుంచి కొడతావని అడగండి. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం గుంజకండి.