లైబ్రరీ క్యాలెండర్ వెనకున్న పనితనం

లైబ్రరీ వెబ్‌సైట్లో కార్యక్రమాల పేజీ చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. తేదీ, వేళ, గది, ఏ వయసు పిల్లలకు, ముందుగా పేరు ఇవ్వాలా వద్దా. అంతే. కానీ ఆ కాసిని ముక్కల్ని నమ్ముకునే ఒక తల్లి పిల్లల్ని తయారుచేసి, బస్సెక్కించి తీసుకొస్తుంది. తీరా వచ్చాక తలుపుకి తాళం కనిపిస్తే రెండోసారి రాదు. అందుకే ఆ పేజీ ఎప్పుడూ నిజమే చెప్పాలి. పేజీ ఒక్కటే కాదు, ఆమె ఫోన్లోని క్యాలెండర్, గూగుల్ వెతుకులాట, లైబ్రరీ గుమ్మం దగ్గరి తెర, అన్నీ ఒకే నిజం చెప్పాలి. లైబ్రేరియన్ ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారాలి. దీనికి పునాది అయిన పద్ధతి పేరు ఐక్యాలెండర్.

ఇది ఒక కంపెనీ అమ్మే సరుకు కాదు. కార్యక్రమం వివరాలను ఏ యంత్రమైనా చదవగలిగేలా ఎలా రాయాలో చెప్పే ప్రమాణం. 1996లో వచ్చిన వీక్యాలెండర్ అనే పద్ధతి దీనికి మూలం. 1998 నవంబరులో ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ దీన్ని ఆర్‌ఎఫ్‌సీ 2445 అనే పత్రంగా వెలువరించింది. రాసినవారు ఇద్దరు, లోటస్‌కు చెందిన ఫ్రాంక్ డాసన్, మైక్రోసాఫ్ట్‌కు చెందిన డెరిక్ స్టెనర్సన్. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు కంపెనీలూ అప్పట్లో నువ్వా నేనా అని పోటీపడుతున్నాయి. అయినా ఒకరి క్యాలెండర్ మరొకరు చదవగలగాలని కూర్చుని రాశారు. 2009లో బెర్నార్డ్ డెస్రూసో సంపాదకత్వంలో అది ఆర్‌ఎఫ్‌సీ 5545గా మెరుగైంది. లైబ్రరీ సైటులో 'నా క్యాలెండర్‌లో చేర్చు' అన్న మీట నొక్కితే ఫోన్ అందుకునేది ఈ పద్ధతిలో రాసిన ఫైలునే.

ఆ ఫైలు తెరిచి చూడండి. లోపలంతా మామూలు అక్షరాలే, వరుసకొక సంగతి. ప్రతి శనివారం ఉదయం 10.30కి జరిగే పిల్లల కథల గంటనే తీసుకుందాం. ఏడాది పొడవునా జరిగేదాన్ని 52 సార్లు రాయక్కర్లేదు. మొదటి శనివారం తేదీ, వేళ ఒక వరుసలో, 'వారానికోసారి, శనివారం' అన్న నియమం ఇంకో వరుసలో ఉంటే చాలు. నెలలో మూడో శనివారం జరిగే పుస్తక చర్చకైతే నియమం 'నెలకోసారి' అవుతుంది, శనివారం గుర్తుకు ముందు 3 చేరుతుంది. ఆఖరి శనివారం కావాలంటే మైనస్ 1. ఆ నెలలో నాలుగు శనివారాలున్నా అయిదున్నా లెక్క తప్పదు.

నియమం రాయడం తేలికే. పనివాడి నేర్పు బయటపడేది మినహాయింపుల దగ్గర. 2026లో జులై 4 శనివారం. అమెరికా స్వాతంత్ర్య దినం కాబట్టి అక్కడి లైబ్రరీలకు సెలవు. ఎక్స్‌డేట్ అనే వరుసలో ఆ ఒక్క రోజు తేదీనీ వేళనూ రాస్తే అది మాత్రమే జాబితాలోంచి తప్పుకుంటుంది. మరుసటి వారం, జులై 11న గది ఖాళీ లేక కథల గంటను మధ్యాహ్నం 2కి మార్చారనుకుందాం. అప్పుడు కొత్త వేళతో పాటు రికరెన్స్ ఐడీ అనే వరుసలో పాత వేళ కూడా రాస్తారు. ఏ శనివారం కదిలిందో ఫోన్‌కు తెలిసేది ఆ పాత వేళ వల్లనే. మిగతా వారాలు ఉన్నచోటే ఉంటాయి.

వీటన్నిటికీ ఆధారం యూఐడీ. ప్రతి కార్యక్రమానికీ ఒకటే ఉండే, ఎన్నడూ మారని గుర్తు అది. పేరు, వేళ, గది ఏది మారినా గుర్తు మాత్రం అదే. వివరాలు గట్టిగా మారినప్పుడల్లా సీక్వెన్స్ అనే అంకె ఒకటి పెరుగుతుంది. ఫోన్ ఆ గుర్తు చూసి 'ఇది నా దగ్గరున్నదే' అని తెలుసుకుంటుంది, అంకె చూసి 'ఇది దానికంటే కొత్తది' అని సరిదిద్దుకుంటుంది. క్యాలెండర్ సాఫ్ట్‌వేర్‌ను సైటుకు కలిపేటప్పుడు చేయి తిరగనివారు పొరపడేది ఇక్కడే. ఫైలు పంపిన ప్రతిసారీ కొత్త యూఐడీ తయారుచేస్తే ఒకే కథల గంట ఫోన్లో మూడు నాలుగు సార్లు కనిపిస్తుంది. కార్యక్రమం రద్దయినప్పుడు చప్పుడు లేకుండా చెరిపేయడం కూడా తప్పే. రద్దయిందని చెప్పడానికి ఈ ప్రమాణంలో వేరే మాట ఉంది. చెరిపేస్తే చదువరికి ఏమైందో తెలియదు, రద్దయిందని రాస్తే తెలుస్తుంది.

వేళ విషయంలో ఇంకా నేర్పు కావాలి. న్యూజెర్సీలోని ఒక లైబ్రరీలో ఉదయం 10.30 అంటే ఎండాకాలమైనా చలికాలమైనా గోడగడియారంలో 10.30. కానీ 2026 నవంబరు 1న అక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. అదే కథల గంటను గుంటూరు నుంచి తాతయ్య ఆన్‌లైన్లో చూడాలనుకుంటే అక్టోబరు 31న మన రాత్రి 8కి మొదలవుతుంది, నవంబరు 7న 9కి. ఫైలులో ప్రపంచ వేళ ఒక్కటే రాసి నియమం తగిలిస్తే నవంబరు నుంచి న్యూజెర్సీ పిల్లలకే గంట తేడా వస్తుంది. స్థానిక వేళను, దాంతోపాటు కాలమండలం పేరును రాస్తే ఇద్దరికీ సరైన వేళే కనిపిస్తుంది.

తేదీల్లోనూ ఒక మెలిక ఉంది. మన గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 వరకు. రోజంతా జరిగే కార్యక్రమంగా దీన్ని రాసేటప్పుడు ముగింపు తేదీ 21 అని రాయాలి. ఈ ప్రమాణంలో ముగింపు తేదీ లెక్కలోకి రాదు. 20 అని రాస్తే ఆఖరి రోజు చదువరి ఫోన్లో మాయమవుతుంది.

తెలుగువారికి ముచ్చటేసే సంగతి మరొకటి. 1998 నాటి తొలి ప్రతిలోనే దీని అక్షర సంకేతం యూటీఎఫ్-8. అంటే తెలుగు పేరు పెట్టుకునే వీలు మొదటి రోజు నుంచే ఉంది. 'పిల్లల కథల గంట' కంటికి ఎనిమిది అక్షరాలు. యంత్రానికి 12 సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, ఖాళీలతో కలిపి 38. ఒక వరుస 75 బైట్లు దాటకూడదని సూచన. దాటితే విరిచి, కింది వరుసను ఒక ఖాళీతో మొదలుపెట్టాలి. కాస్త పొడుగు తెలుగు వివరణ ఇస్తే విరుపు సరిగ్గా ఒక అక్షరం మధ్యలో పడొచ్చు. ఆర్‌ఎఫ్‌సీ 5545 దీన్ని ముందే ఊహించింది. మరీ సాదా ప్రోగ్రాములు అలా విరిచే అవకాశముంది కనుక, చదివే ప్రోగ్రాము ముక్కల్ని కలిపి అసలు అక్షరాన్ని నిలబెట్టాలని చెప్పింది. ఎవరో ఎక్కడో చేసే తప్పును ఇవతలి మనిషి సరిదిద్దేలా రాయడం పెద్ద మనసున్నవారి పని.

ఇక వెబ్‌సైటు. క్యాలెండర్ అమ్మిన కంపెనీ ఇచ్చిన చట్రాన్ని పేజీలో అతికించడం చాలామంది చేసే పని. అప్పుడు సైటులోని వెతుకుపెట్టెకు ఆ కార్యక్రమాలు దొరకవు, చిన్న ఫోన్లో పేజీ ఇరుకైపోతుంది. మంచి పనివారు సమాచారాన్ని తెచ్చి తమ పేజీలోనే అచ్చేస్తారు, ప్రతి కార్యక్రమానికీ మారని చిరునామా ఇస్తారు, వెతికే యంత్రాలకు అర్థమయ్యేలా స్కీమా డాట్ ఆర్గ్ అనే పదజాలపు గుర్తులు వేస్తారు. 2020 మార్చిలో కోవిడ్‌తో ప్రపంచం తలుపులు మూసుకున్నప్పుడు ఆ పదజాలంలో 'ఆన్‌లైన్‌కు మారింది' అన్న స్థితి కూడా చేరింది. దక్షిణ కెరొలైనాలోని రిచ్‌లాండ్ లైబ్రరీ డ్రూపల్ అనే వెబ్‌సైటు సాఫ్ట్‌వేర్ మీద రూపొందిన 'ఇంటర్‌సెప్ట్'లో కార్యక్రమాలనూ గదుల బుకింగునూ ఒకచోట చేర్చి, మిగతా లైబ్రరీలు వాడుకునేలా దాని కోడును బహిరంగంగా పెట్టింది.

ఈ ప్రమాణానికి లైసెన్సు రుసుము లేదు, ప్రత్యేక యంత్రం అక్కర్లేదు. వెబ్‌సైటున్న ఏ జిల్లా గ్రంథాలయ సంస్థ అయినా రేపే వాడుకోవచ్చు. సైటు కట్టేవారికి నా విన్నపం ఇదే. ఫైలు దింపుకునే మీటతో ఆగకండి, చందా లింకు కూడా ఇవ్వండి. దింపుకున్న ఫైలు ఆ రోజుతో ఆగిపోతుంది. చందా ఉన్న ఫోన్ మళ్లీ మళ్లీ వచ్చి మార్పులు అడిగి తీసుకుంటుంది. మీ ఊరి లైబ్రరీ సైటులో ఆ లింకు లేకపోతే లైబ్రేరియన్‌ను అడగండి. అడిగేవాళ్లుంటేనే పెట్టేవాళ్లుంటారు.