కంప్యూటరు ఎవరి గదిలో నున్నది?

అమెరికాలో కంప్యూటరు శాస్త్రమున పట్టము పొందినవారిలో స్త్రీల పాలు 1980ల దశకము నడుమ నూటికి 37 వరకు నుండెను. 2010 నాటికి అది సుమారు 18కి దిగినది. వైద్యమునను న్యాయశాస్త్రమునను స్త్రీల సంఖ్య పెరుగుచుండిన కాలముననే ఈ శాఖలో తగ్గినది. ఆడువారికి గణితబుద్ధి తక్కువయని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. బుద్ధియే కారణమైనచో, 1984లో నుండిన బుద్ధి 2010 నాటికి ఎక్కడికి పోయినది?

ఈ చిక్కును విప్పజూచిన గ్రంథములలో పేరెన్నికగన్నది జేన్ మార్గోలిస్, ఆలన్ ఫిషర్‌ల 'అన్‌లాకింగ్ ది క్లబ్‌హౌస్' (2002). పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున నూరుమందికి పైగా విద్యార్థులను, విద్యార్థినులను నాలుగేండ్లపాటు మరల మరల ప్రశ్నించి వారు దీనిని వ్రాసిరి.

ఇంటిని గూర్చిన ప్రకరణము గ్రంథమునకెల్ల మేలైనది. కొన్న కంప్యూటరు తరచుగా కుమారుని గదికే చేరును. తండ్రి వానితో గూర్చుండి విప్పి చూపును. కూతురు ప్రక్కన నిలిచి చూచును. బాలుడు మొదట వీడియో ఆటలాడును. ఆట ఎట్లు నడచుచున్నదో తెలిసికొనగోరి, పిదప తానే ప్రోగ్రాము, అనగా యంత్రము చేయవలసిన పనిని వరుసగా తెలుపు ఆజ్ఞల పట్టిక, వ్రాయ నారంభించును. కళాశాలలో చేరునాటికి వానికి యంత్రముతో ఏండ్ల చనువు. ప్రక్క బల్లపై గూర్చున్న బాలిక ఆ చనువునే తెలివి యని భ్రమించి, తాను తగననుకొని వెడలిపోవును. అయితే, ముందు అనుభవము లేక చేరినవారు తుదకు వెనుకబడిపోవుట లేదని రచయితలు కనుగొనిరి. ఉపాధ్యాయులు ముఖ్యముగా గమనింపదగిన సంగతి ఇదియే.

ఆటల నిర్మాణమున స్త్రీలు లేకపోలేదు. రాబర్టా విలియమ్స్ 1980లో 'మిస్టరీ హౌస్'ను, కారల్ షా 1982లో 'రివర్ రెయిడ్'ను నిర్మించిరి. 1946లో లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రమునకు ప్రోగ్రాములు కూర్చినవారు ఆరుగురు స్త్రీలే.

విశ్వవిద్యాలయము ప్రవేశ నియమములను మార్చి, పూర్వానుభవమునకు నుండిన మొగ్గును తీసివేసినది. అనుభవమునుబట్టి వేర్వేరు తొలి తరగతులు పెట్టినది. 1995లో చేరినవారిలో స్త్రీలు నూటికి 7 మంది. 2000లో 42 మంది. (1991 నుండి 1999 వరకు అచటి కంప్యూటరు శాస్త్ర విద్యాలయమునకు డీనుగా నుండినవారు నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున జన్మించిన రాజ్ రెడ్డి.)

అయితే ఏ మార్పు ఎంత పని చేసినదో ఈ గ్రంథమువలన విడదీసి తెలిసికొనలేము. అంతకు మించిన లోపము మరియొకటి కలదు. పురుషులకు యంత్రమే ముద్దు, స్త్రీలకు యంత్రమువలని ప్రయోజనము ముద్దు అని రచయితలు తేల్చిరి. ఆ మాట స్త్రీలు నూటికి పదిమందియైన లేని తరగతిలో విన్నది. సంఖ్యలు సరితూగుచు వచ్చిన పిమ్మట అదే విశ్వవిద్యాలయమున లెనోర్ బ్లమ్, కరోల్ ఫ్రీజ్ విచారింపగా, ఇరువురి అభిరుచులలో భేదముకన్న పోలికయే ఎక్కువగా కానవచ్చినది. ఒంటరితనముచే పుట్టిన మాటను స్వభావమని వ్రాసికొనిన, రేపు బాలికలకు ప్రత్యేకముగా సులువైన పాఠములు పెట్టవలెననువారికి అదియే ఆధారమగును.

మలేషియాను చూచిన ఈ అనుమానము బలపడును. అచట కంప్యూటరు శాస్త్రము చదువువారిలో ఇంచుమించు సగము మంది స్త్రీలు. అది ఆడువారికి తగని పనియని ఎవరును అనుకొనరు. తెలుగునాట కూడ 1990ల దశకమున ఇంజనీరింగు కళాశాలలలో చేరినవారిలో పెక్కుమంది, బాలురైనను బాలికలైనను, కంప్యూటరును మొదట తాకినది ప్రయోగశాలలోనే. ఇంట యంత్రమే లేనప్పుడు అది ఎవరి గదిలో నున్నదను ప్రశ్నయే లేదు. అమెరికా ఇండ్లకు చెల్లిన కారణమును గ్రంథము లోకమునకంతకును చెల్లునట్లు చదువుకొనరాదు.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఈ విశ్వవిద్యాలయము వేసవి శిక్షణ నిచ్చిన వృత్తాంతమును రచయితలు చెప్పిరి. పాస్కల్ భాషనుండి సీ ప్లస్ ప్లస్ భాషకు పాఠ్యక్రమము మారుచుండిన రోజులవి. బడిలో ఒకే యంత్రమున్నచో దానిముందు ఎవరిని, ఎంతసేపు కూర్చుండబెట్టవలెననునది ఉపాధ్యాయునకు దినదినమును ఎదురగు ప్రశ్న. ఆ భాగమును ఇంకను విపులముగా వ్రాసియుండవలసినది.